మెచ్చుకోకూడని కీపర్

మా మెట్ల మీద కూర్చునేవాళ్ల నోరు మంచిది కాదని భూపాలపల్లి కాలనీ అంతా పేరు. ఆ పేరు నాకు ఇష్టమే. నేను నర్సును. దవాఖానలో పొద్దంతా "ఏం కాదు, తగ్గిపోతుంది, భయపడకండి" అని తియ్యగా మాట్లాడీ మాట్లాడీ సాయంత్రానికి నా నాలుక చప్పబడిపోతుంది. ఎవరినో ఒకరిని నాలుగు మాటలు అంటే తప్ప అన్నం సహించదు. పుట్టి పెరిగింది జనగామలో, ఉద్యోగం ఇక్కడ. నేను ఉండే క్వార్టర్ ఎదురుగానే గ్రౌండు, గ్రౌండుకు ఒక పక్క సిమెంటు మెట్లు, వాటి మీద రేకుల కప్పు. వానాకాలంలో ఆ మెట్లకు నాచు పడుతుంది. గోనెసంచి పరుచుకొని కూర్చుంటే పచ్చటి గడ్డి, గడ్డి అవతల బొగ్గు లారీల రోడ్డు, రోడ్డు అవతల మబ్బు. మబ్బెప్పుడూ కాళేశ్వరం దిక్కు నుంచే వస్తుంది, గోదావరి మీద తడిసి, బరువుగా, తొందర లేకుండా.

ఆ వానాకాలం మా గ్రౌండుకు పెద్ద టీం వచ్చింది. టీవీలో ఆడే ఫుట్‌బాల్ టీం. పట్నంలో వాళ్ల గ్రౌండుకు కొత్త గడ్డి వేస్తున్నారట, సీజన్ మొదలయ్యేలోపు ప్రాక్టీసు ఇక్కడ చేసుకుంటారట. ఉంచుకునేవాళ్లను ఉంచుకొని, పంపేవాళ్లను పంపేది కూడా ఇక్కడేనట. ఆ మాట విన్నప్పుడు నాకు పెళ్లివారు మా ఇంట్లోనే విడిది దిగుతున్నంత సంబరమైంది.

ఫుట్‌బాల్ నాకు పుట్టుకతో వచ్చిన పిచ్చి కాదు. జనగామలో మేము చూసింది కబడ్డీ. రాత్రి డ్యూటీలు మొదలయ్యాక పగలు నిద్ర పట్టేది కాదు. టీవీ గొంతు తగ్గించి ఏదో ఒక మ్యాచ్ పెట్టుకొని పడుకునేదాన్ని. ఆకుపచ్చటి నేల మీద చిన్న చిన్న మనుషులు అటు పోయి ఇటు వస్తుంటే కళ్లు మూతపడేవి. నిద్ర కోసం మొదలుపెట్టిందే చివరికి నా నిద్ర చెడగొట్టింది. పోయిన సీజన్‌లో మా టీం పట్టికలో కింది నుంచి వెతికితే తొందరగా దొరికే చోట ఉండేది. అయినా అభిమానం అభిమానమే, కాకి పిల్ల కాకికి ముద్దు.

మెట్ల మీద మా జట్టు చిన్నది. గనిలో పనిచేసి రిటైరైన పెద్దన్న ఒకడు. మొదటి షిఫ్టు వేళకు ఇప్పటికీ మెలకువ వచ్చి, ఏం చేయాలో తోచక ఇంట్లో అందరినీ లేపే మనిషి. ఆటగాళ్ల మీద ఆయన చెప్పిన జోస్యం నిజమైన సందర్భం నాకు తెలిసి ఒక్కటీ లేదు. పోయినసారి ఒక డిఫెండర్‌ను పట్టుకొని "గోడ లెక్కుంటడు సూడున్రి" అన్నాడు. ఆ గోడ మా గోల్‌లోనే బంతి వేసింది. అయినా ఆయన ఒక మాట అంటేనే మాకు తృప్తి. రెండోవాడు ఆటో నడిపే తమ్ముడు. కిరాయి లేనప్పుడు మెట్ల మీద ఉంటాడు, కిరాయి వచ్చినా ఒక్కోసారి లేవడు. మూడో మనిషి మెట్ల కింద బొగ్గుల మీద మక్క కంకులు కాల్చి అమ్మే అవ్వ. ఆట ఆమెకు అక్కర్లేదు, ఆడేవాళ్లు కావాలి. వాళ్లు సరిగ్గా తింటున్నారో లేదో నడక చూసి చెప్పేస్తుంది.

రోజూ నా డ్యూటీ దిగేసరికి పంచాయితీ మొదలయ్యేది. విదేశం నుంచి తెచ్చిన ఫార్వర్డ్‌ను చూసి పెద్దన్న, "గాయన కొత్తల్లుని లెక్క నడుస్తుండు. పిలిస్తె గని కదలడు," అనేవాడు. తమ్ముడు ఫోన్‌లో పాత గోల్స్ చూపించి వాదించేవాడు. మధ్యలో ఆడే కెప్టెన్ సెలవుల్లో కొంచెం ఒళ్లు చేశాడు. "ఇంటికాడ తల్లి మంచిగ పెట్టింది, తిననియ్యిన్రి," అని అవ్వ తీర్పు. నాకు ఎడమ పక్క ఆడే కొత్త పిల్లవాడు నచ్చాడు. కాళ్లలో చురుకుంది కానీ మోకాలు లోపలికి వంగుతోంది, వీడు నాలుగు మ్యాచ్‌లు ఆడి మా వార్డులాంటి వార్డులో పడుకుంటాడు అన్నాను. నేనేదో శాపనార్థాలు పెట్టినట్టు అందరూ నా వైపు చూశారు.

కీపర్లు ముగ్గురు వచ్చారు. ఉండబోయేది ఇద్దరేనని మొదటి రోజే తెలుసు. గోవా నుంచి వచ్చిన పొడుగాయనకు చోటు ఖాయం. మిగిలిన ఒక్క చోటుకు ఇద్దరు. అందులో ఒకడు కొత్తగా కొన్న కుర్రవాడు, ఇంకొకడు ఎండకు కమిలిన ముఖంతో, నెమ్మదిగా నవ్వే మనిషి. ఆయన్ని మేము మొదట పట్టించుకోలేదు. ఒక సాయంత్రం ప్రాక్టీసు మధ్యలో ఆయన గ్లవ్స్ చంకలో పెట్టుకొని కంకుల దగ్గరికి వచ్చాడు. అవ్వ చేత్తో సైగలు చేసి ధర చెప్పబోయింది.

"అవ్వా, లేతది గాదే, జర ముదిరింది కాల్చియ్యి. నిమ్మకాయ మంచిగ రాయాలె," అన్నాడు.

అవ్వ చేతిలో విసనకర్ర ఆగింది. "ఏ ఊరు బిడ్డా నీది?"

"మానుకోట దిక్కు. నెల్లికుదురు దాటినంక మా తండా."

తమ్ముడు మెట్లు దూకి కిందికి వచ్చాడు. పెద్దన్న లేచి నిలబడ్డాడు, ఎందుకు నిలబడ్డాడో ఆయనకే తెలియదు. టీవీలో ఆడే టీంలో మన మాట మాట్లాడే మనిషి ఉంటాడని మాకెవరికీ తోచలేదు. మన మాటను సినిమాల్లో నవ్వులాటకు వాడుకోవడమే చూశాం కానీ, గోల్ ముందు నిలబడి "జరుగు, జరుగు, ఎనకకు రా" అని అరవడం వినలేదు. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. పొగ అని చెప్పాను.

ఆయన కంకి తింటూ తన సంగతి చెప్పాడు. పోయినేడు కూడా క్యాంపుకు పిలిచి ఆఖరికి ఇంటికి పంపారు. "గీసారి గూడ ఉంచకపోతె మల్ల ఎవలు పిలువరు అక్కా. మా యాడిని స్టేడియంల కుర్సీల కూసోబెట్టాలె. నా ఆట ఫోన్లనే చూసింది గామె." యాడి అంటే వాళ్ల ఇంటి భాషలో అమ్మ. పోయినసారి ఇంటికి పోయిన తర్వాత వాళ్లమ్మతో కలిసి మిర్చి ఏరడానికి కూలికి పోయాడట. అది నవ్వుతూనే చెప్పాడు.

ఆయన తిరిగి గ్రౌండులోకి వెళ్లగానే పెద్దన్న మా ముగ్గురినీ దగ్గరికి పిలిచాడు. "ఇగ జూడున్రి. ఇయ్యాల్టి సంది వాన్ని ఎవ్వలు గూడ మెచ్చుకోవద్దు. నరుని కంటికి నల్లరాయి గూడ పలుగుతది."

నల్లరాయి పగలగొట్టి బతికే ఊరు మాది. ఆ సామెతను మేము తేలిగ్గా తీసుకోం. పైగా ఈ పద్ధతి ఎవరికి కొత్త? బిడ్డ బొద్దుగా ఉంటే "బొక్కలు తేలినయ్ పోరనికి" అంటాం. పంట బాగుంటే "ఏముంది, గడ్డి" అంటాం. జనగామలో మా అమ్మ ఈ విద్యలో ఆరితేరింది. నేను క్లాసులో ఫస్టు వస్తే, "ఏం మార్కులే, పక్కింటోళ్ల బర్రె గూడ తెస్తది," అనేది. కొత్త లంగా ఓణీ కట్టుకుంటే, "దిష్టిబొమ్మ లెక్కున్నవ్," అని ముఖం తిప్పుకునేది, తిప్పుకున్న ముఖంలో నవ్వు కనిపించేది. ఒక్కసారే నన్ను మెచ్చుకుంది. డాక్టరు చదువుకు పరీక్ష రాసి సీటు రాని రోజు, నా తల ముందేసుకొని దువ్వుతూ, "నా బిడ్డంత తెలివిగలది గీ జనగామలనే లేదు," అంది. ఆ మెచ్చుకోలుకు ఏడ్చినంత నేను సీటు రానందుకు ఏడవలేదు.

అలా మా తిట్లు మొదలయ్యాయి. కీపర్ గాలిలోకి లేచి బంతి లాక్కుంటే తమ్ముడు, "చేతులకు ఎన్నపూస రాసుకొచ్చినవా అన్నా!" అని అరిచేవాడు. పక్కకు దూకి ఆపితే పెద్దన్న, "గట్లనా పడుడు? సంచి పడ్డట్టు పడుడు!" అనేవాడు. అవ్వ అయితే కంకులు వదిలేసి మరీ తిట్టేది. అవ్వ ఆదివారం చర్చికి పోయే మనిషి, మిగతా రోజుల్లో ఎవరికైనా జ్వరం వస్తే ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తుంది. అడిగితే, "ప్రభువు చూస్తడు, ఉప్పు గూడ చూస్తది," అంటుంది. ఆమె నోట్లోంచి వచ్చినన్ని తిట్లు నేను ప్రసవాల వార్డులో కూడా వినలేదు.

కీపర్ నవ్వేవాడు. రెండో రోజే ఆయనకు అర్థమైంది. కంకికి వచ్చినప్పుడు, "మా యాడి గూడ గంతే. జిల్లాల గెలిచి కప్పు తెస్తె, గీ సత్తుగిన్నె ఎవనికి గావాలె అన్నది. పొద్దుగాల జూస్తె గుడ్డ కప్పి దేవుని పక్కకు పెట్టింది," అన్నాడు. ఆ తర్వాత ఏ రోజైనా మా తిట్లు తగ్గితే మెట్ల వైపు తిరిగి చూసేవాడు, బాగా ఆడలేదేమోనని.

ఆ సాయంత్రాలు ఇప్పుడు తలచుకుంటే ఒకదాని నుంచి ఒకటి విడదీయలేను. సన్నటి జల్లు, రేకుల మీద ఆ చప్పుడు, కాలిన మక్క గింజల వాసన. రంగు రంగుల బనియన్లు వానలో కరిగి ఒకదానిలోకి ఒకటి పోయేవి. బంతిని పైకి తంతే మబ్బులోకి వెళ్లి కాసేపు రాకపోయేది. అందరం తలలెత్తి ఎదురుచూసేవాళ్లం. ఒకసారి అలా చూస్తూ చూస్తూ నాకు కునుకు పట్టింది. కలలో మా జనగామ ఇంటి వాకిట్లో గోల్‌పోస్టు ఉంది. మా అమ్మ దాని ముందు పేడనీళ్ల సాన్పు చల్లుతోంది. బంతి వస్తే చీపురుతో అవతలికి నెట్టి, "తొక్కకున్రి, ఇంకా ఆరలే," అంటోంది. ఆ కలంతా ఆమె ఒక్క బంతినీ లోపలికి రానివ్వలేదు. "మంచిగ ఆపినవే అమ్మా" అనబోయి, అనకూడదని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. మెలకువ వచ్చేసరికి బంతి కీపర్ గుండెల మీద ఉంది, అవ్వ తిడుతోంది. ఎవరి వాకిట్లో ఉన్నానో తెలియడానికి కొంతసేపు పట్టింది.

మా తిట్ల సంగతి వేరే ఎవరికైనా ఎలా వినబడుతుందో మాకు తోచలేదు. ఒకరోజు టీం తాలూకు చిన్న కోచ్ మెట్ల దగ్గరికి వచ్చాడు. కేరళ ఆయన, హిందీలో మాట్లాడతాడు. ఆ కీపర్ మీ దగ్గరివాడే కదా, మీకెందుకు అంత కోపం, అతని ఆట బాగుండదా అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. కీపర్ అక్కడే, గోల్ దగ్గర వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఆయన వినేటట్టు ఎలా మెచ్చుకోవడం? తమ్ముడు పెద్దన్న వైపు చూశాడు. పెద్దన్న గొంతు సవరించుకొని తనకొచ్చిన హిందీలో, "వో కుచ్ కామ్ కా నై సాబ్," అన్నాడు, ఎందుకూ పనికిరాడని. చిన్న కోచ్ తలాడించి వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. "నీ దిష్టి గోలల వాని కొంప మునుగుతది పెద్దన్నా. ఆయన అడిగింది మన దిష్టి గురించి గాదు. ఉంచాల్నా పంపాల్నా అని సూస్తున్నరు వాళ్లు," అన్నాను.

"నేను జెప్తె ఉంచుతరా, నేను జెప్తె తీస్తరా? నా మాట మా ఇంట్లనే ఎవలు ఇనరు సిస్టరమ్మా," అన్నాడు పెద్దన్న. అని నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. మర్నాడు ఆయన మెట్ల మీదికి రాలేదు. ఆ తర్వాతి రోజు నుదుట విభూతితో వచ్చి, కాళేశ్వరం పోయొచ్చిన, ఊకెనే, అన్నాడు. మొక్కు ఎవరి కోసమో మాకు తెలుసు. కంకులు తినేవాళ్ల మాట విని ఏ కోచూ టీం కట్టడని నాకూ తెలుసు. అయినా ఆ రోజు నుంచి ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది, చిన్న కోచ్ ఎదురైనప్పుడల్లా ఆపి చెబుదామా అనుకునేదాన్ని. కానీ ఏమని చెప్పాలి? మేము తిడితే బాగా ఆడుతున్నట్టు సార్, అని హిందీలో ఎలా చెబుతారు?

క్యాంపు ఆఖరి రోజు వాన తెరిపిచ్చింది. ఎన్నాళ్లకో ఎండ కాసింది. గడ్డి మీద నుంచి ఆవిరి లేస్తుంటే మనుషులు మోకాళ్ల దాకా లేనట్టు, తేలుతున్నట్టు కనిపించారు. నేను గోనెసంచి పరుస్తుండగా తమ్ముడు ఆటో ఆపి, ఇంజను కూడా బందు చేయకుండా పరుగెత్తి వచ్చాడు.

"అక్కా, టీం మేనేజర్ సార్ను బస్టాండ్ల దించి వస్తున్న. ఆటోల కూసొని ఫోన్ల మాట్లాడిండు. కొత్త కీపర్ పోరన్ని ఉంచుకుంటున్నరు. మనోన్ని ఇంటికి పంపుతరట. ఆయనకింకా చెప్పలే, ప్రాక్టీసు అయినంక చెప్తరట."

అవ్వ చేతిలోని కంకిని బొగ్గుల మీద అలాగే వదిలేసింది. అది మాడి వాసన వచ్చింది. పెద్దన్నే ముందు తేరుకున్నాడు.

"వాళ్లు చెప్పేదాక మనకు తెల్వదు. రోజు లెక్కనే ఉండాలె. తిట్టున్రి," అన్నాడు.

సరేనన్నాం. ఆ కాసేపైనా కీపర్‌ను తన ఆట ఆడుకోనిద్దాం అనుకున్నాం. తిట్టాం. పెద్దన్న గొంతు రోజూకంటే పైకి లేచింది. అప్పుడు ఆ కొత్తల్లుడు ఫార్వర్డ్, అన్నాళ్లూ పిలిస్తే తప్ప కదలనివాడు, ఎక్కడి నుంచో వచ్చి బంతిని గోల్ పై మూలకు కొట్టాడు. అది గోలే. మేమందరం గోల్ అనుకున్నాం. కీపర్ ఆవిరిలోంచి లేచాడు, లేస్తూనే ఉన్నాడు, వేలి కొసలతో బంతిని పైకి నెట్టాడు. ఫార్వర్డ్ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. నేను చూసిన ఆటలన్నిటిలో అంతటిది చూడలేదు. మా మెట్ల మీద ఒక్కరికీ నోరు పెగల్లేదు.

మధ్యలో విరామానికి ఆయన కంకుల దగ్గరికి వచ్చాడు, ముఖమంతా చెమట, నవ్వు. "ఏంది, గియ్యాల అందరి నోళ్లు మూతవడ్డయ్?"

ఏదో ఒక తిట్టు కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. అవ్వ తల వంచుకొని విసురుతూనే ఉంది. పెద్దన్న మెట్లు దిగాడు. గనిలో అరిగిన మోకాళ్లతో నెమ్మదిగా దిగి, కీపర్ భుజం మీద చేయి వేశాడు.

"మంచిగ పట్టినవ్ బిడ్డా," అన్నాడు.

కీపర్ ముఖంలో నవ్వు అలాగే ఉంది, కానీ అందులోంచి మనిషి వెళ్లిపోయాడు. పెద్దన్నను చూశాడు, తమ్ముణ్ని చూశాడు, నన్ను చూశాడు. నేను నా చెప్పుల వైపు చూశాను. జనగామలో నా తల దువ్విన దువ్వెన నా మాడు మీద మళ్లీ కదిలినట్టయింది.

"ఎవలు జెప్పిన్రు?" అని అడిగాడు.

తమ్ముడు, "అన్నా, ఆటోల..." అని ఆగిపోయాడు. పెద్దన్న తన చేతిని భుజం మీద నుంచి తీసుకోవాలో ఉంచాలో తెలియక అలాగే ఉంచాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. నిజానికి ఆ మాట మా అందరి నోటి చివరా ఉంది. కీపర్ కంకి తీసుకొని గింజ గింజ ఒలుచుకొని తిన్నాడు. తింటూ, "యాడికి ఫోన్ జెయ్యాలె," అన్నాడు, ఎవరితో అన్నాడో తెలియదు. లోపల విజిల్ మోగింది.

గ్లవ్స్ వేసుకొని గీత దాకా నడిచి, వెనక్కి తిరిగాడు.

"అవ్వా, ఇంకా ఆట ఉన్నది. జర తిట్టరాదే."

అవ్వ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. తిట్టదనే అనుకున్నాను. ఆయన గోల్ ముందు వంగి నిలబడ్డాడు, చేతులు చాచి, ఏమీ కానట్టు. మొదటి బంతి వచ్చింది, పట్టాడు. అప్పుడు అవ్వ తను కూర్చునే పీట మీద లేచి నిలబడింది.

"ఓరి దొంగసచ్చినోడా! చేతులారా అవి, చేటలా? మీ యాడి గిందుకేనారా నిన్ను కన్నది! గిట్ల పడితె వచ్చేయేడు ఎవడు పిలుస్తడురా నిన్ను!"

వచ్చేయేడు అన్న మాటకు పెద్దన్న తల ఎత్తాడు. కీపర్ వెనక్కి చూడలేదు, ఒక గ్లవ్ పైకెత్తి చూపించాడు. ఇక మేము కూడా గొంతు కలిపాం.